మిరప నేలకూ నల్లమలకూ నడుమ వినుకొండ

పల్నాడు జిల్లా నైరుతి కొసన, గుంటూరు–నంద్యాల రైలుమార్గం మీద, ఒక కొండను ఆనుకుని పెరిగిన పట్టణం వినుకొండ. 2011 జనాభా లెక్కల నాటికి అక్కడి జనం సుమారు 60 వేలు. గుంటూరుకు 90 కిలోమీటర్ల దాకా ఉంటుంది. జిల్లా కేంద్రం నరసరావుపేట అందులో సగం దూరం కూడా లేదు. తూర్పు నుంచి వచ్చేవారికి నల్లరేగడి పొలాలు, నాగార్జునసాగర్ కాలువలు ఈ దరిదాపుల్లోకి వచ్చేసరికి పలచబడతాయి. పడమటికి సాగేకొద్దీ రాళ్ల నేల, ముళ్లకంపలు, ఆ తర్వాత నల్లమల అడవి. ఈ రెండు రకాల నేలల మీద బతికేవాళ్లకూ బస్సెక్కాలన్నా, విత్తనం కొనాలన్నా, డాక్టరుకు చూపించుకోవాలన్నా వినుకొండే దిక్కు. ఆ రాకపోకలే ఊరిని పోషిస్తున్నాయి.

కొండ మీద రామలింగేశ్వరస్వామి గుడి ఉంది. సీతాపహరణం వార్త రాముడు ఇక్కడే విన్నాడని స్థలపురాణం చెబుతుంది. తొలి ఏకాదశికి జరిగే తిరునాళ్లకు చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలివస్తాయి. ఆషాఢంలో వచ్చే ఆ పండుగ నాటికి కొందరు పత్తి గింజ వేసేసి ఉంటారు, కొందరు మిరప నారు పోసే ఆలోచనలో ఉంటారు. అందుకే అక్కడ మొక్కుల్లో వాన సంగతి తప్పకుండా ఉంటుంది.

అదే కొండ మీద పాత కోట ఆనవాళ్లు కూడా ఉన్నాయి. తీరప్రాంతం నుంచి పడమటనున్న నల్లమల కనుమల వైపు పోయే దారిని కనిపెట్టి ఉండటానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు కాబట్టి కొండవీటి రెడ్లు, ఆ తర్వాత ఒడిశా గజపతులు దీన్ని చేతిలో పెట్టుకున్నారు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని పట్టి, కొండవీటి మీదికి వెళ్తూ అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ వంటి దుర్గాలను వరసగా గెలుచుకున్నాడు. 1515లో కొండవీడు లొంగింది. ‘క్రీడాభిరామం’ కర్తగా పేరున్న వల్లభరాయుడి ఇంటిపేరు వినుకొండ. ఆ వీథి నాటకం వర్ణించేది మాత్రం ఓరుగల్లు వీధులను. దాన్ని అసలు రాసింది శ్రీనాథుడేనని వాదించే పండితులూ ఉన్నారు.

కుంఫిణీ వారి పాలన వచ్చాక కోటకు పనిలేకపోయింది. వినుకొండ తాలూకా కేంద్రంగా మిగిలింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఈ తాలూకా కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లాలోకి వచ్చింది. 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో ఇక్కడి బతుకును కదిపినవి రెండు: 1876–78 నాటి మహా కరువు, అమెరికన్ బాప్టిస్టు మిషను. ఒంగోలు కేంద్రంగా పనిచేసిన జాన్ క్లౌ 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. తర్వాత వినుకొండలోనూ మిషను కేంద్రం వెలిసింది. అంటరాని వాడలకు బడి, పలక, పుస్తకం చేరిన దారుల్లో అదొకటి.

ఆ వాతావరణంలోనే 1895 సెప్టెంబరు 28న వినుకొండలో గుర్రం జాషువా పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇంట్లో క్రైస్తవం. పద్యం రాస్తే సభల్లో కులం అడిగి అవమానించారు; పురాణ కథలు రాస్తున్నాడని క్రైస్తవులూ కోపగించారు. బడిపంతులుగా పనిచేశాడు, మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పాడు. తనను కాదన్నవారి ఛందస్సునే ఆయుధం చేసుకున్నాడు. ‘గబ్బిలం’లో మేఘసందేశం పద్ధతినే తీసుకుని, మేఘానికి బదులు గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. గుడిలోకి దళితుణ్ని రానివ్వరు, తలకిందులుగా వేలాడే గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. కాబట్టి కాశీలోని శివుడికి కబురు మోసేది అదే. ఆ ఎంపికలోని వెటకారం చాలు ఆయన ఎంతటి కవో చెప్పడానికి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశాడు.

ఊరి రాజకీయాల్లో ఎర్రజెండాకూ చోటు ఉండేది. కమ్యూనిస్టు నాయకుడు పులుపుల వెంకట శివయ్య ఇక్కడి నుంచి శాసనసభకు వెళ్లారు. బస్సు దిగినవాళ్లు ఇప్పటికీ ఆటోవాడికి చెప్పే గుర్తు ‘శివయ్య స్తూపం’.

1967లో నాగార్జునసాగర్ కాలువలు పారడం మొదలయ్యాక తాలూకాలో కొంత భాగం వరి, పత్తి, మిరప పొలాలుగా మారింది. ఇప్పుడు వినుకొండ ఏడాదిని నడిపేది మిరపే. జులై, ఆగస్టుల్లో నారు. ఆ తర్వాత నాట్లు. సంక్రాంతి దాటాక కోతలు ముమ్మరం. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కూలీలు కుటుంబాలతో సహా వచ్చి పొలాల్లోనే గుడారాలు వేసుకుంటారు. కోసిన కాయను కల్లంలో పరిచి రోజుల తరబడి ఎండబెడతారు. ఎర్రటి కాయను ఒక పక్కకు, రంగు తేలిపోయిన తాలుకాయను మరో పక్కకు ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. ధరలో ఈ రెంటికీ పొంతన ఉండదు. తేజ, 334 వంటి రకాలను బస్తాల్లో తొక్కి, రాత్రి లారీకెత్తి గుంటూరు యార్డుకు తోలతారు. సరుకు తరచూ పంటకు ముందే పెట్టుబడి ఇచ్చిన కమీషను వ్యాపారి కొట్టుకే చేరుతుంది. ధర నచ్చకపోతే శీతల గిడ్డంగిలో పెట్టాలి. అప్పు తీర్చాల్సినవాడికి ఆ వెసులుబాటు తక్కువ. వినుకొండ వీధుల్లో పురుగుమందుల కొట్లు అన్ని ఎందుకున్నాయో ఈ లెక్క తెలిస్తే అర్థమవుతుంది: మందు అరువుకు ఇస్తారు, పంట రాగానే వసూలు చేస్తారు. 2021–22లో నల్ల తామర పురుగు పూతను పీల్చేసినప్పుడు ఎకరాకు లక్షకు పైగా పెట్టిన రైతులు తోటలనే దున్నేశారు. అందరికంటే ఎక్కువగా దెబ్బతిన్నది ముందే కౌలు కట్టిన కౌలురైతు.

వాయవ్యాన బొల్లాపల్లి మండలానిది వేరే కథ. సుగాలీ తండాలు ఎక్కువగా ఉన్న ఆ మెట్ట మీదికి సాగర్ నీరు ఎక్కదు. బోరు ఎంత లోతులో పడితే పంట అంత. అగ్నిగుండాల ప్రాంతపు రాగి గనుల గురించి 18వ శతాబ్దం చివర్లోనే కుంఫిణీ వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హెయిన్ రాశాడు. తర్వాతి కాలంలో హిందుస్తాన్ జింక్ సంస్థ బండలమొట్టు దగ్గర సీసం గని నడిపి, మూసేసింది. కృష్ణ నీటిని పంపులతో ఎత్తి ఈ ఎగువ మండలాలకు ఇవ్వాలన్న వరికపూడిశెల పథకం దశాబ్దాల కోరిక. దానికి 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగింది. ఈలోగా తండాల యువకులు మిరప కోతలకో, హైదరాబాదు, గుంటూరు భవన నిర్మాణ పనులకో వినుకొండ స్టేషన్లోనే రైలెక్కుతున్నారు.