పురుగును జంపు బూజు

బూజనిన మనకు రోత. అది ధాన్యమును జెఱచును, పైరునకు దెగులు దెచ్చును. కాని పైరు జోలికి బోక, పైరును దిను పురుగును బట్టి చంపు బూజులును గలవు. వీని నెఱిగి వాడుట రైతునకు లాభము. ఎఱుగక వాడుట పొరుగువానికి నష్టము.

ఈ విద్యకు మూలము పట్టుపురుగుల చావు. ఇటలీ దేశమున పట్టుపురుగులు సున్నము పూసినట్లు తెల్లబడి, బిగిసి చచ్చుచుండెను. దీనికి గారణము కంటి కానరాని యొక బూజని ఆగస్టీనో బస్సీ యను పండితుడు 1835లో ఋజువు చేసెను. మన పట్టురైతులు సున్నపుకట్టు అను రోగ మిదియే. ఆ బూజునకు బవేరియా బాసియానా యని యాతని పేరే నిలిచినది. తరువాత 1879లో ఒడెస్సా ప్రాంతమున మెచ్నికాఫ్ పండితుడు, గోధుమను జెఱచు పెంకుపురుగులపై మెటారైజియ మను పచ్చబూజును బరీక్షించి, రోగమునే యాయుధముగ జేయవచ్చునని చాటెను.

ఇది చంపు విధము వింతయైనది. బూజు బీజము పురుగు చర్మము నంటుకొని మొలకెత్తును. చర్మమును గరగించి లోనికి జొచ్చును. నెత్తుటిలో వృద్ధి పొందును. కొన్ని దినములలో పురుగు చచ్చును. గాలిలో దేమ యున్నచో కళేబరముపై బూజు మొలిచి క్రొత్త బీజములను వెదజల్లును. పురుగు దీనిని దిననక్కఱలేదు గనుక, రసము పీల్చు తెల్లదోమ, నల్లి మున్నగువానిపై గూడ నిది పనిచేయును.

కొబ్బరితోటలే యిందుకు నిదర్శనము. కొమ్ముపురుగు పిల్లలు పెరుగునది పేడకుప్పలలో. అచ్చటనే పచ్చబూజును గలిపిన శత్రువు పుట్టినయింటనే నశించును. 1998లో కేరళమున గానవచ్చిన కొబ్బరినల్లిపై హిర్సుటెల్లా యను బూజును, 2016లో మన దేశమున గానవచ్చిన సర్పిలాకార తెల్లదోమపై ఇసారియా యను బూజును బ్రయోగించిరి.

అయితే యిది ప్రాణముగల మందు. ఎండ తగిలిన బీజము చచ్చును. తేమ లేనిచో మొలవదు. కావున సాయంకాలమున, తడి గల దినములలో జల్లవలెను. తెగుళ్లను జంపు మందులతో గలుపరాదు. ఎండలో నిలువయుంచిన పొట్లమున మిగులునది ఉత్త పొడియే. అట్టిదానిని గొని ఫలము గానక శాస్త్రమును నిందించుట న్యాయము గాదు. అమ్మువాని సరకును బరీక్షింపని యధికారులను బ్రశ్నించుట న్యాయము.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి గలదు. వేరుసెనగ పురుగును జంపు బవేరియాయే పట్టుపురుగును గూడ జంపును. హిందూపురము, మడకశిర ప్రాంతములలో మల్బరీతోట ప్రక్కనే యితర పైరులును గలవు. ఒక రైతు చల్లిన బూజు గాలికెగిరి మఱియొకని మల్బరీ యాకుపై బడిన, ఆ యింటి పట్టుపంట నాశమగును. కాబట్టి యట్టి గ్రామములలో దీనిని జల్లకుండుటయే మేలు. వేపకషాయము వంటి యన్యోపాయములను వెదకవలెను. ఈ సంగతిని అమ్మువాడు చెప్పకున్నను, భూస్వాములు తమ కౌలుదారులకు జెప్పవలెను. తన పైరును గాపాడుకొను హక్కు ప్రతి రైతునకును గలదు. పొరుగువాని పంటను జెఱచు హక్కు ఎవరికిని లేదు.