హాలోవీన్ రాత్రి: భయం మిఠాయి మీద, ప్రమాదం రోడ్డు మీద

అమెరికాలో ఏటా అక్టోబరు 31 సాయంత్రం పిల్లలు దయ్యాలుగా, మంత్రగత్తెలుగా, సినిమా వీరులుగా వేషాలు కట్టి, సంచులు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. తలుపు తట్టి ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అంటే ఇంటివాళ్లు చాక్లెట్లు పెడతారు. ఆ వేళ పెద్దలను ఎక్కువగా పీడించే అనుమానం మిఠాయిలో ఎవరైనా విషం కలిపారేమోనని. డెలవేర్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ 1958 నుంచి వచ్చిన వార్తలను జల్లెడ పట్టారు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఇచ్చిన విషపు మిఠాయి తిని బిడ్డ చనిపోయిన ఘటన ఒక్కటీ తేలలేదు. 1974లో టెక్సస్‌లో సైనైడ్ కలిపిన మిఠాయి తిని ఓ బాలుడు చనిపోయిన మాట నిజమే. దాన్ని ఇచ్చింది కన్నతండ్రే.

అసలు ముప్పు వాహనాలతోనే. 1975 నుంచి 2016 వరకు 42 ఏళ్ల రోడ్డు మరణాల లెక్కలను పరిశీలించిన అధ్యయనం ‘జామా పీడియాట్రిక్స్’లో వెలువడింది. ముందు వారం, తర్వాతి వారం సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ సాయంత్రం పాదచారుల మరణాల ముప్పు 43 శాతం ఎక్కువ. 4 నుంచి 8 ఏళ్ల పిల్లల్లో అది 10 రెట్లు.

కారణాలు ఊహించలేనివి కావు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 11 మీటర్లు దాటుతుంది. డ్రైవరు చూసి బ్రేకు తొక్కేలోపే అంత దూరం వచ్చేస్తుంది. ఎదురొచ్చే బండి ఎంత వేగంగా వస్తోందో అంచనా కట్టడం చిన్నపిల్లలకు చేతకాదు. పైగా ఆగి ఉన్న రెండు కార్ల మధ్య నుంచి వాళ్లు రోడ్డు మీదికి వస్తే, వాళ్ల ఎత్తుకు చివరి క్షణం దాకా కనబడరు. అందుకే పన్నెండేళ్లలోపు పిల్లల వెంట పెద్దలు ఉండాల్సిందే. రోడ్డు దాటేది కూడళ్ల దగ్గర, జీబ్రా గీతల మీదే.

నల్లటి వేషం హెడ్‌లైట్ల వెలుగును మింగేస్తుంది. రిఫ్లెక్టివ్ టేపులోని సన్నటి గాజుపూసలు మాత్రం పడిన వెలుగును వచ్చిన దారినే, అంటే డ్రైవరు కళ్లవైపే తిప్పి పంపుతాయి. వీపున, చేతులకు, సంచికి ఒక్కో పట్టీ అంటిస్తే చాలు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. కళ్ల పక్కలను కప్పేసే మాస్కు కన్నా ముఖానికి రంగు మేలు. అయితే ఆ రంగు చర్మానికి పడుతుందో లేదో ముందురోజే చేతి మీద కొద్దిగా రాసి చూడాలి. కాళ్లకు అడ్డుపడే పొడుగు దుస్తులను పైకి మడిచి కుట్టాలి. గుమ్మడికాయల్లో కొవ్వొత్తుల బదులు బ్యాటరీ దీపాలు పెడితే బట్టలు అంటుకునే భయం ఉండదు.

ఇక తిండి సంగతి. నాలుగేళ్లలోపు పిల్లలకు గట్టి మిఠాయిలు, గింజలు గొంతుకు అడ్డుపడతాయి. అవి వాళ్ల చేతికి ఇవ్వకూడదు. వేరుసెనగ, జీడిపప్పు, పాలు, గుడ్డు పడని పిల్లలకు ఒక్క ముక్కే ప్రాణాల మీదికి తేవచ్చు. చిన్న ప్యాకెట్ల మీద పదార్థాల వివరాలు కొన్నిసార్లు ఉండవు కూడా. అందుకే ఇంటికి వచ్చి, పెద్దలు చూశాకే తినాలి. అలర్జీ ఉన్న పిల్లల కోసం కొందరు బొమ్మలు, పెన్సిళ్లు ఉంచి, గుర్తుగా వాకిట్లో నీలి ఆకుపచ్చ రంగు గుమ్మడికాయ పెడతారు. 2014లో ఇది దేశవ్యాప్త ఉద్యమమైంది. అక్కడి తెలుగు ఇళ్లలో ఒక్కో ఏడాది దీపావళి కూడా ఇదే రోజుల్లో వస్తుంది. పండక్కి చేసిన జీడిపప్పు మిఠాయి ఎంత ప్రేమగా చేసినా, గుమ్మంలోకి వచ్చిన పరాయి పిల్లలకు పెట్టకుండా ఉండడమే క్షేమం.