పోతున్న డిస్కును ముందు కాపీ తీయండి

పాత హార్డ్ డిస్కును కంప్యూటర్‌కు తగిలించగానే, వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలని ఒక్కోసారి విండోస్ అడుగుతుంది. చాలామంది ఆలోచించకుండా సరే నొక్కేస్తారు. దయచేసి అక్కడ ఆగండి. డిస్కు ఖాళీ అయిపోయిందని విండోస్ చెప్పడం లేదు. లోపలున్నది ఏ పద్ధతిలో రాశారో తనకు అంతుపట్టలేదని మాత్రమే చెబుతోంది. పెళ్లి ఫొటోలు, పొలం కాగితాల స్కాన్‌లు ఇంకా అందులోనే ఉండి ఉండవచ్చు.

ఇక్కడ రెండు రకాల నష్టాలున్నాయి. డిస్కు బాగానే ఉండి ఫైలు పొరపాటున చెరిగిపోవడం ఒకటి. ఫైలు ఉన్నా డిస్కే పాడైపోతుండడం రెండోది. రెంటికీ వైద్యం వేరు.

హార్డ్ డిస్కులోంచి ఫైలును తీసేయడమంటే పుస్తకంలో విషయసూచిక నుంచి ఒక పేరు కొట్టేయడం లాంటిది, పేజీలు అలాగే ఉంటాయి. వాటి మీద కొత్తది రాసినప్పుడే అసలు నష్టం. అందుకే ఫైలు పోయిందని తెలిసిన క్షణం నుంచి ఆ డిస్కులో ఏమీ సేవ్ చేయకూడదు, రికవరీ సాఫ్ట్‌వేర్ కూడా అందులో ఇన్‌స్టాల్ చేయకూడదు. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం విషయసూచికతో పని లేకుండా డిస్కంతా వెతుకుతుంది. జేపీఈజీ ఫొటోలన్నీ ఒకే రకం బైట్లతో మొదలవుతాయి కాబట్టి ఆ ఆనవాలు పట్టుకుని ఫొటోలను బయటికి తీస్తుంది. ఫైళ్ల పేర్లు మాత్రం తిరిగి రావు. ఎస్‌ఎస్‌డీల్లో ఆశ తక్కువ. చెరిపేసిన చోటును ట్రిమ్ అనే ఏర్పాటు సాధారణంగా త్వరలోనే నిజంగా ఖాళీ చేయించేస్తుంది.

రెండో రకం నష్టానికే ఎక్కువ ఓపిక కావాలి. హార్డ్ డిస్కులో పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. చదివే హెడ్ వాటికి తగలకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతుంటుంది. మన గదిలో ఎగిరే దుమ్ము రేణువు అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. ఇంట్లో మూత విప్పకూడదనడానికి కారణం ఇదే. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందన్న మాట కూడా నమ్మవద్దు, లోపల తేమ చేరుతుంది. డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంటే వెంటనే కరెంటు తీసేయండి. తిరిగిన ప్రతి నిమిషం పళ్లెం మీద గీతలు పడుతుండవచ్చు. అది దుమ్ము చొరబడని క్లీన్ రూమ్ ఉన్న ల్యాబ్‌కే వెళ్లాలి.

శబ్దమేమీ లేకుండా నెమ్మదించి, మధ్యమధ్యలో బిగుసుకుపోయే డిస్కుతో మనమే ప్రయత్నించవచ్చు. ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరిచి కాపీ చేస్తుంటే పాడైన చోట కంప్యూటర్ పదేపదే తల బాదుకుంటుంది, ఆ ఒత్తిడికి మిగిలిన భాగమూ పోతుంది. చెక్‌డిస్క్ కూడా నడపకండి. అది మరమ్మతు పేరుతో ఆ డిస్కు మీదే రాస్తుంది. లినక్స్‌లో పనిచేసే డీడీరెస్క్యూ దారి వేరు. ముందు సులువుగా చదవగలిగిన చోట్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసేస్తుంది. మొరాయించిన చోటును దాటేసి ముందుకు పోతుంది. బాగున్నదంతా చేతికొచ్చాకే వెనక్కి వచ్చి, మొండి చోట్ల అంచులనూ, ఆ తర్వాత లోపలి భాగాలనూ కొద్దికొద్దిగా గీరుతుంది. ఏది వచ్చింది, ఏది రాలేదన్న లెక్కను ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. ఒక్క జాగ్రత్త: ఏ డిస్కు నుంచి ఏ డిస్కుకు అన్నది తారుమారైతే మిగిలింది కూడా తుడిచిపెట్టుకుపోతుంది. కాపీ పూర్తయ్యాక ఫొటోరెక్ అయినా, మరే ప్రయోగమైనా ఆ కాపీ మీదే చేయాలి. గీతలు పడ్డ సీడీకీ ఇదే పద్ధతి. ఒక డ్రైవ్ చదవలేని చోటును మరో డ్రైవ్ చదవవచ్చు, అదే మ్యాప్ ఫైలుతో ఖాళీలు పూరించుకోవచ్చు.

ఎంత దెబ్బతిన్న డిస్కు నుంచి ఎంత తీయవచ్చో చెప్పడానికి కొలంబియా వ్యోమనౌక ఉదాహరణ ఉంది. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న ఆ ప్రమాదంలో, జినాన్ వాయువు మీద చేసిన ప్రయోగపు హార్డ్ డిస్కు కాలి, ఆకాశం నుంచి నేలమీద పడింది. క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థ అందులో 99 శాతం సమాచారాన్ని బయటికి తీసింది. దెబ్బతిన్న చోట్లు చాలావరకు ఏమీ రాయని చోట్లు కావడం, పాత డాస్ వ్యవస్థ ఫైళ్లను చెల్లాచెదురు చేయకుండా ఒకచోటే పేర్చడం కలిసొచ్చాయి. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి.

మన డీటీపీ సెంటర్ల పాత డిస్కులకు ఇంకో చిక్కుంది. ఫైలు చెక్కుచెదరకుండా వచ్చినా, అను లాంటి పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు పిచ్చి అక్షరాలుగా కనిపిస్తుంది. అవి యూనికోడ్‌కు ముందు పద్ధతిలో రాసినవి, ఆ ఫాంట్ లేకపోతే అర్థం కావు. కాబట్టి ఆ డిస్కులోంచి ఫాంట్ ఫైళ్లను కూడా తీసుకోండి. పేజ్‌మేకర్ పనిచేసే పాత కంప్యూటర్‌లో తెరిచి ముందు పీడీఎఫ్ చేయండి, తర్వాతే యూనికోడ్‌లోకి మార్చండి. మార్పిడిలో వత్తులు, గుణింతాలు తారుమారయ్యే వీలుంది. పీడీఎఫ్ పక్కన పెట్టుకుని వరుస వరుసా సరిచూడాల్సిందే.