తీసేయడమూ తెలియాలి!

లినక్స్ సపోర్ట్, అడ్మిన్ ఉద్యోగాలకు సిద్ధమవుతున్నారా? ఇంటర్వ్యూలో ‘రిమూవ్‌కీ పర్జ్‌కీ తేడా ఏంటి?’ అని అడిగితే ఏం చెబుతారు?

ఉబుంటు, డెబియన్‌లలో ప్యాకేజీల సంగతి చూసేది ‘ఆప్ట్’. ‘ఆప్ట్ రిమూవ్’ అని ఇస్తే ప్రోగ్రామ్ పోతుంది కానీ, ‘ఈటీసీ’ ఫోల్డర్‌లోని దాని సెట్టింగ్స్ మిగులుతాయి. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పాత సెట్టింగ్సే వస్తాయి. ‘పర్జ్’ వాటినీ తుడిచేస్తుంది. హోమ్ ఫోల్డర్‌లోని మీ ఫైళ్లను మాత్రం రెండూ ముట్టుకోవు. వేరే ప్యాకేజీకి తోడుగా వచ్చి, ఇప్పుడు దేనికీ అవసరం లేనివాటిని తీసేది ‘ఆటోరిమూవ్’.

అసలు జాగ్రత్త ఇక్కడే. ఒక ప్యాకేజీని తీస్తే దానిపై ఆధారపడినవీ పోతాయి. కంపెనీ సర్వర్‌లో తొందరపడితే నడుస్తున్న సర్వీసే ఆగిపోవచ్చు. అందుకే ‘వై’ నొక్కేముందు స్క్రీన్‌పై వచ్చే జాబితా మొత్తం చదవండి. అనుమానముంటే ‘సిమ్యులేట్’ ఆప్షన్ వాడండి. ఏమేం పోతాయో చూపిస్తుంది, ఏదీ తీయదు.

వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు వేసుకుని, ‘వీఎస్‌ఎఫ్‌టీపీడీ’ని ఇన్‌స్టాల్ చేయండి. ముందు రిమూవ్, తర్వాత పర్జ్ ఇచ్చి, ప్రతిసారీ ‘ఈటీసీ’లో ఏం మిగిలిందో చూడండి. అప్పుడు ఇంటర్వ్యూలో బట్టీ పట్టింది కాదు, చేసి చూసింది చెబుతారు.