పొగ పోయినా వాసన ఎందుకు పోదు?



నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. కానీ నిప్పు ఆరిపోయి, పొగ కంటికి కనిపించకుండా పోయి, తాగిన మనిషి గది ఖాళీ చేసి వెళ్లిపోయినా సిగరెట్ వాసన మాత్రం ఆ గదిలోనే నెలల తరబడి ఉండిపోతుంది. ఎందుకలా? దాన్ని వదిలించడమెలా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవడం మన హాస్టల్ విద్యార్థులకు చాలా అవసరం.

మన హాస్టల్లో చదువు పూర్తి చేసినవారిలో చాలామందికి తర్వాతి మజిలీ హైదరాబాదు. గ్రూప్స్‌కో, పోలీసు ఉద్యోగానికో, బ్యాంకు పరీక్షకో కోచింగ్ కోసం అశోక్ నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాల్లో ముగ్గురు నలుగురు కలిసి ఒక గది తీసుకుంటారు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి నడిచి వెళ్లేంత దూరంలో గది దొరికితే చాలనుకుంటారు. టు-లెట్ బోర్డు చూసి, అద్దె బేరమాడి, అడ్వాన్స్ చేతిలో పెట్టి, సామాను దించుకున్నాక తలుపు మూస్తే అప్పుడు తెలుస్తుంది, ముందున్నవాళ్లు అక్కడ ఎన్ని పెట్టెలు కాల్చారో!

ఈ పేటల పక్కనే అజామాబాద్‌లో వజీర్ సుల్తాన్ టుబాకో కంపెనీ ఉంది. 1930లో మొదలైన ఈ కంపెనీ చార్మినార్ సిగరెట్లతో దేశమంతటా పేరు తెచ్చుకుంది. దాని పేరులోని మూడు అక్షరాలే ఆ చుట్టుపక్కల చోటికి పేరైపోయాయి. ఇందిరా పార్కు నుంచి వి.ఎస్.టి. దాకా కట్టిన స్టీల్ బ్రిడ్జి 2023 ఆగస్టులో ప్రారంభమైంది. ఆ దారిన రోజూ నడిచే విద్యార్థి పొగాకు చరిత్ర చదవకపోయినా ఫరవాలేదు గాని, తన గది గోడ మీద పొగాకు ఏం చేస్తుందో తెలుసుకోవాలి.

వాసన గాలిలో లేదు, గోడల్లో ఉంది

సిగరెట్ పొగ ఉత్త గాలి కాదు. అందులో ఏడు వేలకు పైగా రసాయనాలు ఉన్నాయని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. వాటిలో తారు అనే జిగట పదార్థం కంటికి కనిపించనంత చిన్న తుంపరలుగా తేలుతూ వెళ్లి తగిలిన చోటల్లా అంటుకుంటుంది. నికోటిన్ ఆవిరి గోడల్లోకి, పరుపుల్లోకి, పుస్తకాల్లోకి ఇంకుతుంది. కిటికీ తెరిస్తే గాలిలో ఉన్న పొగ బయటికి పోతుంది. అంటుకున్నది మాత్రం పోదు. గది వేడెక్కినప్పుడు, గాలిలో తేమ పెరిగినప్పుడు అది కొంచెం కొంచెంగా మళ్లీ గాలిలో కలుస్తుంది. వానాకాలంలోను, ఎండాకాలం కూలర్ వేసినప్పుడు వాసన ఎక్కువ కావడానికి కారణం ఇదే.

ఇలా మిగిలిన పొగను మూడోరకం పొగ అంటున్నారు. తాగేవాడు పీల్చేది మొదటిది. పక్కనున్నవాడు పీల్చేది రెండోది. తాగినవాడు వెళ్లిపోయాక మిగిలేది మూడోది. అమెరికాలోని శాన్‌డియాగోలో సిగరెట్ తాగేవారు ఖాళీ చేసిన ఇళ్లను పరిశోధకులు పరీక్షించి, ఫలితాలను 2011లో ప్రచురించారు. ఆ ఇళ్లు సుమారు రెండు నెలలు ఖాళీగా ఉన్నాయి. శుభ్రం కూడా చేశారు. అయినా వాటిలో చేరిన, పొగతాగని వారి వేళ్ల మీద నికోటిన్ కనిపించింది. అంతకు ముందు, 2010లో, బర్క్‌లీలోని లారెన్స్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు మరో సంగతి చెప్పారు. గోడకు అంటిన నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిస్తే క్యాన్సర్ కలిగించే పదార్థాలు తయారవుతాయట. నైట్రస్ ఆమ్లం ఎక్కడి నుంచి వస్తుంది? గ్యాస్ పొయ్యి నుంచి, వాహనాల పొగ నుంచి. ఒకే గదిలో చిన్న సిలిండర్ పొయ్యి మీద వండుకుని, అక్కడే చదివి, అక్కడే పడుకునే మనకు ఇది దూరపు కబురు కాదు.

అగరుబత్తి మందు కాదు

వాసన రాగానే మనం మొదట చేసే పని అగరుబత్తి వెలిగించడం, లేకపోతే సాంబ్రాణి వేయడం, లేదా సెంటు కొట్టడం. ఇవి వాసనను కప్పుతాయే తప్ప తీసేయవు. పైగా అగరుబత్తి, సాంబ్రాణి కూడా పొగే. ఒక పొగకు మరో పొగ తోడవుతుంది. ఉబ్బసం ఉన్నవాడి ఛాతీకి రెండూ ఒకటే. మాసిన చొక్కాకు అత్తరు పూసినంత మాత్రాన అది ఉతికిన చొక్కా అవుతుందా? గది సంగతీ అంతే. కప్పడం కాదు, కడగాలి.

మరో విషయం. ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది. నాలుగు రోజులు ఆ గదిలో ఉంటే వాసన తగ్గినట్లే అనిపిస్తుంది. తగ్గింది వాసన కాదు, మన ముక్కు చురుకుదనం. అందుకే కడిగాక గది ఎలా ఉందో బయటి నుంచి వచ్చిన స్నేహితుణ్ణి అడగాలి.

రెండు రోజుల పని

నలుగురు కలిస్తే శని, ఆదివారాల్లో ఈ పని పూర్తవుతుంది. కావలసినవి చాకలి సోడా, బట్టల సబ్బు పొడి, వంట సోడా, వెనిగర్, పాత గుడ్డలు, బకెట్లు.

మొదట గూళ్లలో, అటక మీద, అల్మారాలో పరిచిన పాత పేపర్లు, క్యాలెండర్లు తీసి పారేయాలి. కిటికీలన్నీ తెరిచి, టేబుల్ ఫ్యాన్‌ను బయటి వైపు తిప్పి పెట్టాలి. లోపలి గాలిని అది బయటికి నెడుతుంది.

పొగ పైకి పోతుంది గనుక పైకప్పు, ఫ్యాన్ రెక్కలు, ట్యూబ్‌లైటు, కిటికీ పైభాగం ఎక్కువ జిడ్డు పట్టి ఉంటాయి. పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఫ్యాను, స్విచ్ బోర్డు తుడిచే ముందు మెయిన్ ఆఫ్ చేయడం మరవకూడదు.

పెయింటు వేసిన గోడలైతే అర బకెట్ గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు చెంచాల చాకలి సోడా కలిపి గుడ్డతో తుడవాలి. గుడ్డకు పసుపు గోధుమ రంగు అంటితే అదే తారు. నీళ్లు మారుస్తూ, రంగు అంటని దాకా తుడిచి, చివర మంచినీళ్లతో కడగాలి. సోడా చర్మాన్ని ఒరుస్తుంది గనుక చేతులకు తొడుగులు వేసుకోవాలి.

సున్నం గోడలైతే కడగడం కుదరదు. నీళ్లు చల్లి తడిపి, పెచ్చులు గీకేసి కొత్తగా వేయాలి. చాలామంది చేసే పొరపాటు మరకల మీదే సున్నమో, నీళ్ల పెయింటో పూయడం. కొన్నాళ్లకు పసుపు మరక మళ్లీ పైకి తేలుతుంది, వాసన కూడా. ముందు శుభ్రం చేసి, ఆరాక, పెయింటు వేసేటట్లయితే ఆయిల్ ప్రైమర్ కొట్టించి దాని మీద వేయాలి.

వెనిగర్ ఎందుకంటే, నికోటిన్‌కు క్షార గుణం ఉంది. పులుపుతో కలిస్తే అది లవణంగా మారి నీళ్లలో కరిగిపోతుంది. ఒక వంతు వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్లు కలిపి అద్దాలు, తలుపులు, ఇనుప అల్మారా, ప్లాస్టిక్ కుర్చీలు తుడవచ్చు. కానీ షాబాద్ బండల మీద పోయకూడదు. అవి సున్నపురాయి జాతివి, పులుపు వాటిని తినేస్తుంది. నేలకు సబ్బు నీళ్లే మేలు. వెనిగర్‌ను, సోడాను ఒకేసారి కలపడం కూడా దండగే. పొంగు చూడ్డానికి బాగుంటుంది గాని ఒకదాని బలాన్ని మరొకటి తీసేస్తుంది. ఇక బ్లీచింగ్ పౌడరును బాత్రూం యాసిడ్‌తో గాని, వెనిగర్‌తో గాని ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. మూసిన గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

పరదాలు, దుప్పట్లు, రగ్గులు సోడా నీళ్లలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరేయాలి. దూది పరుపు మీద వంట సోడా చల్లి ఒక రాత్రి ఉంచి, దులిపి, రెండు మూడు రోజులు మిట్ట ఎండలో తిరగేస్తూ వేయాలి. అప్పటికీ వాసన పోకపోతే దూది ఏకించి కొత్త గలీబు కుట్టించడమే మార్గం. ముందున్నవాళ్లు వదిలివెళ్లిన పరుపు ఉచితంగా వచ్చిందని మాత్రం ఆశపడకండి. కూలర్ గడ్డి మార్చేయాలి. పాత గడ్డి తడిసిన ప్రతిసారీ పీల్చుకున్న వాసనను వదులుతుంది.

సీనియర్ల దగ్గర కొన్న పాత పుస్తకాలకు, నోట్సుకు కూడా ఈ వాసన ఉంటుంది. వాటిని నీడలో గాలికి విప్పి ఆరబెట్టి, తర్వాత మూత ఉన్న ట్రంకు పెట్టెలో గిన్నెడు వంట సోడాతో పాటు వారం రోజులు ఉంచితే చాలావరకు తగ్గుతుంది.

అడ్వాన్స్ ఇవ్వక ముందే

గది చూడటానికి మధ్యాహ్నం వెళ్లండి. తలుపు, కిటికీలు మూసి ఐదు నిమిషాలు నిలబడండి. గోడకు తగిలించిన క్యాలెండర్ జరిపి చూడండి. దాని కింద గోడ తెల్లగా, చుట్టూ పసుపుగా ఉంటే అర్థమైనట్లే. తడి గుడ్డతో ఒక మూల తుడిచి చూడండి. "అన్నా, సున్నం వేయించి ఇస్తారా? వేయించకపోతే మేమే వేసుకుంటాం, ఆ ఖర్చు అద్దెలో తగ్గిస్తారా?" అని ఓనర్‌ను మర్యాదగా ముందే అడగండి. చేరాక అడిగితే మాట చెల్లదు. చేరే రోజున మరకలను ఓనర్‌కు చూపించి ఉంచితే, ఖాళీ చేసేటప్పుడు అవి మనవేనని అడ్వాన్స్‌లో కోత పెట్టే అవకాశం ఉండదు.

చట్టం ఆగిపోయే చోటు

2003 పొగాకు చట్టం కింద 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడంపై నిషేధాన్ని కట్టుదిట్టం చేశారు. విద్యాసంస్థల్లో, గ్రంథాలయాల్లో తాగితే 200 రూపాయల దాకా జరిమానా. కాబట్టి లైబ్రరీలో కూర్చున్నంతసేపు చట్టం మన ఊపిరితిత్తులకు కాపలా కాస్తుంది. అద్దె గది గడప దాటి లోపలికి మాత్రం అది రాదు. అక్కడ నలుగురు స్నేహితులు పెట్టుకున్న కట్టుబాటే చట్టం.

ఇక్కడే అసలు కష్టం ఉంది. నలుగురిలో ఇద్దరు తాగుతారు. మిగతా ఇద్దరికీ తలనొప్పి. అయినా గది వాళ్లు చూసిపెట్టారనో, అద్దెకు ఒక నెల ఆగారనో, ఊరివాళ్లనో మొహమాటపడి నోరు విప్పరు. దగ్గుతూనే పరీక్షకు చదువుతారు. "కిటికీ దగ్గర నిలబడి తాగుతాలే" అనే సర్దుబాటు కూడా పనికిరాదు. గాలి ఆడించినంత మాత్రాన, గాలి శుభ్రం చేసే యంత్రాలు పెట్టినంత మాత్రాన పక్కవారికి పూర్తి రక్షణ దొరకదని 2006లోనే అమెరికా సర్జన్ జనరల్ నివేదిక తేల్చి చెప్పింది. అందుకే చేరిన మొదటి రోజే, అద్దె వాటాలు లెక్కేసుకునేటప్పుడే, "గదిలో ఎవరూ తాగకూడదు, తాగేవారు మేడ మీదికో, వీధిలోకో వెళ్లాలి" అని ఒక మాట అనుకోండి. మొదటి రోజు చెబితే అది నియమం. మూడు నెలల తర్వాత చెబితే అది గొడవ.

తాగే మిత్రుణ్ణి వెలివేయమని కాదు. మానాలనుకునేవారి కోసం 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. సిగరెట్ పెట్టె మీదే అచ్చువేస్తున్నారు. పెట్టె కొన్న చేతితోనే ఆ నంబరు తిప్పమని చెప్పండి.

అమ్మానాన్నలు కూలి చేసి పంపే డబ్బుతో అద్దె కట్టే పిల్లలం మనం. ఆ డబ్బుతో కొనుక్కునేది నాలుగు గోడలే కాదు, చదువుకునేటప్పుడు పీల్చే గాలి కూడా. దాన్ని శుభ్రంగా ఉంచుకుందాం. మనం ఖాళీ చేశాక ఆ గదిలోకి మన హాస్టల్ తమ్ముడో, చెల్లెలో వస్తారు. వాళ్లకు మన నోట్సు వదిలి వెళ్దాం గాని, మన పొగ కాదు.