సలహాదారు సంస్థను వీడితే మదుపరి అడగవలసిన ప్రశ్న

సోనారి (జంషెడ్‌పూర్): పెద్ద బ్రోకరేజి సంస్థలో ఏళ్ల తరబడి పనిచేసిన ఆర్థిక సలహాదారు రాజీనామా చేసి సొంత కార్యాలయం తెరిస్తే, ఆయనను నమ్ముకున్న మదుపరులకు తొలుత కలిగేది ఆందోళనే. ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ చేసి, భవిష్యనిధి, గ్రాట్యుటీ సొమ్ముపైనే శేషజీవితం గడపవలసిన కుటుంబాలు నివసించే సోనారి, కద్మా వంటి ప్రాంతాలలో ఈ ఆందోళన మరింత సహజం. స్థానిక తెలుగు కుటుంబాలూ ఇందుకు మినహాయింపు కాదు. ఆయన వెంట సొమ్మును తరలించాలా, వద్దా అన్నది తేలాలంటే ఆయన ఎందుకు వెళ్లారో ముందు తెలియాలి.

సలహాదారులు సంస్థను వీడడానికి ప్రధాన కారణం జీతం వచ్చే తీరు. షేర్లు ఎంత తరచుగా చేతులు మారితే బ్రోకరేజి సంస్థకు అంత రాబడి. కొన్న షేర్లను పదేళ్లు కదపకుండా ఉంచుకొనే ఖాతాదారు వల్ల సంస్థకు దక్కేది స్వల్పం. అందువల్ల ఖాతాదారుకు ఏది మేలన్న ఆలోచనకూ, నెలవారీ అమ్మకాల లక్ష్యానికీ మధ్య ఉద్యోగి నలిగిపోతాడు.

ఈ ఒత్తిడి ఫలితం ఎవరిపై పడుతుందో ఊహించడం కష్టం కాదు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం చేసిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారని, వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు మించిందని సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించింది. లాభనష్టాలతో నిమిత్తం లేకుండా బ్రోకర్లకు మాత్రం రుసుము ముట్టింది.

మ్యూచువల్ ఫండ్ల విషయంలోనూ ఇదే చిక్కు. మదుపు సొమ్ములో ముందుగానే కోత విధించే ప్రవేశ రుసుమును సెబీ 2009 ఆగస్టు 1 నుంచి రద్దు చేసింది. పంపిణీదారు కమిషన్ లేని ‘డైరెక్ట్’ పథకాలు 2013 జనవరి 1 నుంచి అందుబాటులోకి వచ్చాయి. 20 లక్షల రూపాయలు ఏటా 10 శాతం చొప్పున పెరిగితే 15 ఏళ్లలో సుమారు 83.5 లక్షలవుతుంది. కమిషన్ కింద ఏటా ఒక్క శాతం పోయి 9 శాతమే మిగిలితే 73 లక్షలకు చేరదు. తేడా పది లక్షల పైమాటే.

సలహాకూ, అమ్మకానికీ మధ్య గీత గీస్తూ 2013లో సెబీ పెట్టుబడి సలహాదారుల నిబంధనలు జారీ చేసింది. వ్యక్తిగతంగా నమోదైన సలహాదారు పంపిణీదారుగా కూడా వ్యవహరించరాదని 2020లో వాటిని మరింత బిగించింది. ఖాతాదారు చెల్లించే రుసుముపైనే జీవించదలచిన వారికి స్వతంత్ర మార్గం ఇలా ఏర్పడింది.

అయితే రాజీనామా చేసినంత మాత్రాన నిజాయితీ రుజువైనట్లు కాదు. ఖాతాదారుల ప్రయోజనాలను పక్కన పెడుతున్నారని ఆరోపిస్తూ 2012 మార్చిలో గ్రెగ్ స్మిత్ గోల్డ్‌మన్ శాక్స్‌ను వీడడం ప్రపంచవ్యాప్తంగా చర్చకు దారితీసింది. అదే అమెరికాలో, ప్రత్యర్థి సంస్థ ముందుగా చెల్లించే భారీ మొత్తానికి ఆశపడి ఖాతాదారులను వెంటబెట్టుకొని వెళ్లే సలహాదారులూ ఉన్నారు.

సలహాదారు ఎంత మంచివాడైనా సంస్థ నడవడిక వేరుగా చూడవలసిందే. ఖాతాదారుల షేర్లను దుర్వినియోగం చేసిందన్న అభియోగంపై హైదరాబాదుకు చెందిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ కొత్త ఖాతాదారులను చేర్చుకోరాదని సెబీ 2019 నవంబరులో ఆంక్ష విధించింది. మరుసటి ఏడాది నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి ఆ సంస్థను బహిష్కరించింది.

సలహాదారు వెళ్లిపోయినంత మాత్రాన షేర్లు వెళ్లిపోవు. అవి డిపాజిటరీలో మదుపరి పేరిటే ఉంటాయి. కనుక తొందరపడి సంతకాలు చేయనవసరం లేదు. డిపాజిటరీ పంపే ఖాతా వివరాలను సరిచూసుకోవాలి. కొత్త కార్యాలయం నమోదు సంఖ్య సెబీ జాబితాలో ఉన్నదో లేదో పరిశీలించాలి. ఆపై సలహాదారును అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ‘మీకు సొమ్ము చెల్లించేది నేనా, మీరు నాకు అమ్మే పథకమా?’ దీనికి రాతపూర్వకంగా జవాబివ్వని సలహాదారు వెంట వెళ్లకపోవడమే క్షేమం.