నాలుగు అక్షరాలకు ఎనిమిది డబ్బాలు

కోడ్‌తో గీసే గ్రాఫులో ఫాంటు పేరు చెప్పకపోతే, ప్రోగ్రామ్ తన వెంట తెచ్చుకున్న ఫాంటునే వాడేస్తుంది. పైథాన్‌లో గ్రాఫులకు బాగా వాడుకలో ఉన్న లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్. నాడీశాస్త్ర పరిశోధకుడు జాన్ హంటర్ దీన్ని 2003లో విడుదల చేశాడు. 2017 నాటి 2.0 వెర్షన్ నుంచి దీని సొంత ఫాంటు డెజావూ శాన్స్, సైజు 10 పాయింట్లు. అందులో ఇంగ్లిష్, గ్రీకు, రష్యన్ అక్షరాలున్నాయి. తెలుగు లేదు.

కాబట్టి నిలువు గీత పక్కన ‘వర్షపాతం’ అని రాయమంటే వరసగా ఎనిమిది ఖాళీ డబ్బాలు వస్తాయి. చదివేవాళ్ళకు అందులో ఉన్నవి నాలుగే అక్షరాలు. కంప్యూటర్ లెక్క వేరు: వ, ర, పొల్లు, ష, ప, దీర్ఘం, త, సున్న. యూనికోడ్‌లో వీటిలో ప్రతిదానికీ ఒక నంబరుంది. ‘త’ నంబరు 3108. ఆ నంబరుకు ఫాంటులో బొమ్మ లేకపోతే దాని చోట డబ్బా పడుతుంది. ఫాంట్ల పనివాళ్ళు ఈ డబ్బాను ‘టోఫు’ అంటారు. గూగుల్ నోటో ఫాంట్లకు ఆ పేరు రావడానికి మూలం ‘టోఫు వద్దు’ అన్న మాటే.

ఫాంటు మార్చడానికి ఒక్క లైను చాలు. సెట్టింగుల్లో ‘ఫాంట్ ఫ్యామిలీ’ అన్నచోట నోటో శాన్స్ తెలుగు అని రాస్తే ఆ ఫైలులోని గ్రాఫులన్నిటికీ వర్తిస్తుంది. అప్పుడే ఇన్‌స్టాల్ చేసిన ఫాంటు ఒక్కోసారి దొరకదు. లైబ్రరీ తాను ముందే రాసిపెట్టుకున్న పాత జాబితాలో వెతకడమే కారణం. ఫాంటు ఫైలు ఎక్కడుందో నేరుగా చూపిస్తే సరిపోతుంది. 2022లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి రెండుమూడు ఫాంట్ల పేర్లు వరసగా ఇవ్వవచ్చు, ఒకదానిలో లేని అక్షరాన్ని తర్వాతిదానిలో వెతుకుతుంది. ఇది మైనస్ గుర్తుకూ పనికొస్తుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలు అడ్డగీతకు బదులు గణితంలోని మైనస్‌ను వాడుతుంది. అది లేని ఫాంటు పెడితే మాటలు బాగుపడి, సున్నా కంటే తక్కువ అంకెల ముందు డబ్బాలు మొలుస్తాయి.

అసలు చిక్కు డబ్బాలు పోయాక మొదలవుతుంది. ఇప్పుడు గ్రాఫులో తెలుగే కనిపిస్తుంది కానీ చదవబుద్ధి కాదు. ర కింద షవత్తు ఉండదు. ర, పొల్లు, నిండు ష విడివిడిగా నిలబడతాయి. ‘పా’లో ప తలకట్టు ఊడకుండానే దీర్ఘం వచ్చి పక్కన చేరుతుంది. ఏ అక్షరం పక్కన ఏది వస్తే రూపం ఎలా మారాలన్న నియమాలు ఫాంటులోనే ఉంటాయి. వాటిని చదివి అమలు చేసే ప్రోగ్రామ్ వేరే కావాలి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో ఆ పని హార్ఫ్‌బజ్ చేస్తుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ చాలా ఏళ్ళపాటు ఆ నియమాల జోలికి పోకుండా, బొమ్మలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోయింది. అలాంటి వెర్షన్‌లో ఎంత మంచి ఫాంటు పెట్టినా ఫలితం ఇంతే.

బ్రౌజర్‌లోనే గ్రాఫు గీసే డీ3కి ఈ తంటా లేదు. ఆర్ భాషలో గీసేవాళ్ళు బొమ్మను రాగ్ ప్యాకేజీతో సేవ్ చేస్తే వత్తులు సరిగ్గా కుదురుతాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌నే నమ్ముకున్నవాళ్ళకు ఒక పక్కదారి ఉంది. గ్రాఫును ఎస్‌వీజీగా సేవ్ చేసేటప్పుడు అక్షరాలను గీతలుగా మార్చకుండా అక్షరాలుగానే ఉంచమని చెప్పడం. మామూలుగా అది గీతలుగా మార్చేస్తుంది. అక్షరాలుగా ఉంచితే బ్రౌజర్ వాటిని తన పద్ధతిలో కూర్చుకుంటుంది. పొడవు కొలిచింది మాత్రం మ్యాట్‌ప్లాట్‌లిబ్ కనుక, మాటలకు వదిలిన చోటు వాటి అసలు పొడవుకు సరిపోకపోవచ్చు. పైగా ఆ ఫైలు తెరిచే కంప్యూటర్‌లోనూ అదే ఫాంటు ఉండాలి, లేకపోతే అక్కడున్న మరో తెలుగు ఫాంటుతో తెరుచుకుంటుంది.